గ్రంథాలయమున నొక కుర్చీ

ఇటీవల మన నగరపు పడమటి భాగమున నొక క్రొత్త యలవాటు బయలుదేఱినది. ఉద్యోగము గలవారు కార్యాలయమునకు బోక, ఇంటనుండియు బనిచేయక, మూడవ చోటొకటి వెదకుకొనుచున్నారు. కొందఱు కాఫీ హోటళ్లలోను, కొందఱు గంటకింత యని యద్దెకిచ్చు బల్లలయొద్దను, మఱికొందఱు సార్వజనిక గ్రంథాలయములలోను ల్యాప్‌టాప్ తెఱచుకొని కూర్చుండుచున్నారు. మేమును ఈ కడపటి తెగలో జేరిన వారమే. కావున ఈ యలవాటు మంచిదా చెడ్డదా యని విచారించుటకు మాకు గొంత యధికారమును, గొంత సంకోచమును గూడ గలవు. ఈ పాఠశాలలో జదువుకొని పోయిన వారము గనుకను, ఇప్పుడిచ్చట జదువుచున్న బాలబాలికలలో ననేకులు రేపిట్టి యుద్యోగములకే పోవువారు గనుకను, ఈ సంగతి యీ సంచికలో వ్రాయుట యనుచితము కాదని తలంచితిమి.

మేము నివసించునది కోకాపేట. రంగారెడ్డి జిల్లా గండిపేట మండలములోని యీ గ్రామము ఒక తరము క్రిందట పొలములును రాళ్లగుట్టలును గల పల్లె. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెఱచిన పిమ్మట కంపెనీల కట్టడములు క్రమముగా పడమరకు జరిగి, నానక్‌రాంగూడ మీదుగా వచ్చి, మా పొలిమేరను దాటినవి. 2021 జూలైలోను, 2023 ఆగస్టులోను హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థవారు ఇచ్చటి నియోపోలిసు భూములను వేలము వేసిరి. రెండవ వేలమున 45.33 ఎకరములకు 3,319.60 కోట్ల రూపాయలు వచ్చెను. అందొక తావున ఎకరము 100.75 కోట్లు పలికెను. ఎకరమునకు 4,840 చదరపు గజములు. లెక్కలయం దభిరుచి గల బాలురు భాగించి చూచినచో గజము రెండు లక్షల యెనిమిదివేల రూపాయలకు బైబడినట్లు కనుగొందురు. ఒక కుర్చీకిని, దాని ముందఱి బల్లకును రెండు గజముల చోటు వలయుననుకొన్నచో, అది నాలుగు లక్షల రూపాయల నేల యగును. ఈ లెక్కను చదువరులు జ్ఞాపకమందుంచుకొందురు గాక. దీనితో మాకు మరల బనియున్నది.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున దేశమంతట తలుపులు మూతపడినప్పుడు మా కార్యాలయము మా భోజనపు బల్లమీదికి వచ్చినది. ఆరంభమున మిగుల సంతోషించితిమి. బస్సుకొఱకు నిలువబడుట లేదు, లిఫ్టుయొద్ద వరుస లేదు, మధ్యాహ్నమున వేడి యన్నము. వ్యాధి తగ్గెను. కార్యాలయములు మరల దెఱచిరి. ఐనను మాబోటివారిని వారమునకు రెండు మూడు దినములు మాత్రము రమ్మని, తక్కిన దినము లింటనే పనిచేసికొననిచ్చిరి. ఇల్లును కార్యాలయమును ఒకే గదిలో కాపురముండినచో రెండును చెడునని మాకప్పుడు గాని తెలియలేదు. కుక్కరు కూతవేయును. గ్యాసు బండ తెచ్చువాడు గంట మ్రోగించును. మా తల్లిగారు, “ఇంట్లనే ఉన్నవు గద బిడ్డా, జర ఈ మందుల చీటి చదివి చెప్పు” అని పిలుతురు. ఆమె తప్పేమియు లేదు. బిడ్డ యింటనుండియు ఇంట లేనట్లు మెలగుట పెద్దవారికి అర్థముకాదు. అర్థము కావలసిన పనియును లేదు. సాయంకాలము ఆఱుగంటలకు ల్యాప్‌టాప్ మూసినను, అది యా బల్లమీదనే యుండి మనవంక జూచుచునే యుండును. ముప్పదవ యంతస్తున మా కిటికీ తెఱచిన గండిపేట చెఱువు కనబడును. కాని దినదినము అదే కిటికీనుండి యదే చెఱువును జూచుటయు నొక చెఱయే.

చోటు మాఱిన మనస్సు తేఱుననుట యనుభవమున నిజమే. మొదట మా పొరుగుననే యొక గ్రంథాలయమున్నదేమో యని వెదకితిమి. ఈతకొలనులున్నవి, వ్యాయామశాలలున్నవి, పెండ్లి మందిరములున్నవి. కాలినడకను బోదగిన గ్రంథాలయము మాత్రము మా కంటబడలేదు. మా యపార్టుమెంటు క్లబ్బులో నొక గాజు బీరువా కలదు. అందు నూఱు పుస్తకములు వరుసగా నున్నవి. దాని తాళపుచెవి యెవరియొద్ద నున్నదని యడిగిన, ప్రతివారును మఱియొకరి పేరు చెప్పిరి. కావున రాయదుర్గము వఱకు ఆటోలో బోయి, మెట్రో బండి యెక్కి, అమీరుపేటలో బండి మాఱి, నగర మధ్యమున నున్న యొక గ్రంథాలయమునకు జేరితిమి. ఇంత ప్రయాణము దప్పించుకొనుటకే గదా ఇంట గూర్చున్నది యని చదువరులు నవ్వవచ్చును. ఐనను ఆ ప్రయాణమే మాకు మందువలె బనిచేసినది. ఇల్లు విడుచుటకును పని మొదలిడుటకును నడుమ నొక గంట యెడముండుట యెంత యవసరమో, ఆ యెడము లేని రెండేండ్లు గడపినవారికే తెలియును.

ఆ హాలు మాకెంతో నచ్చినది. ఎత్తయిన కప్పు, మెల్లగా దిరుగు పంకాలు, అరిగిన చెక్క బల్లలు, వార్తాపత్రికల వాసన. అన్నిటికంటె మనస్సును బట్టినది వంగిన తలల వరుస. ఎటు చూచినను ఎవరో యొకరు చదువుచునే యుందురు. పదిమంది తలవంచి పనిచేయుచుండగా మనము ఫోను తీసి బొమ్మలు చూచుటకు సిగ్గగును. ఇంట గంటకు నాలుగుమాఱులు ఫోను దడవు మేము అచ్చట మధ్యాహ్నము వఱకు దానిని సంచిలోనుండి తీయలేదు. ఇంట మూడుదినములు పట్టు పని యొకదినమున ముగిసెను. కాఫీ హోటలులో వలె, కప్పు ఖాళీయైనదని సేవకుడు వచ్చి ప్రక్కన నిలువబడుట లేదు. ఇట్లు పదునొకండు దినములు పోయితిమి. ఆ పదునొకండు దినములలో ఒక్క పుస్తకమైనను దెఱవలేదని యొప్పుకొనక తప్పదు. పండ్రెండవ దినమున గ్రంథాలయాధికారి మాయొద్దకు వచ్చి, “పుస్తకమేమైన కావాలెనా సార్?” అని మెల్లగా నడిగెను. ఆయన మాటలో నెత్తిపొడుపు లేదు. అందుచేతనే యది మఱింత సూటిగా దగిలినది. తోచిన పేరొకటి చెప్పి గోలకొండ కవుల సంచిక తెప్పించుకొంటిమి. నిజాము రాష్ట్రమున దెలుగు కవులే లేరన్న మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డిగారు 354 కవుల రచనలు కూర్చి 1934లో బ్రకటించిన గ్రంథమది. నాటినుండి మధ్యాహ్న భోజనానంతరము అరగంట దానిని జదువు నియమము పెట్టుకొంటిమి.

ఇక మా నేరము చెప్పెదము. ఆ హాలులో ప్లగ్గు గల బల్లలు నాలుగే. మేము ఉదయముననే పోయి గోడప్రక్కనున్న దానిని బట్టుకొనుచుంటిమి. సాయంకాలము వఱకు దానిని విడువము. భోజనమునకు బోవునపుడును సంచిని కుర్చీమీద బెట్టి పోవుచుంటిమి. మీటింగు వచ్చినప్పుడు వరండాలోనికి బోయి మాటలాడుదుము. కాని ఎంత మెల్లగా మాటలాడినను, “నా మాట వినబడుచున్నదా?” యని యేడుమాఱులు బిగ్గరగా నడుగకుండ ఏ మీటింగును జరుగదు గదా. వరండాలో దినపత్రిక చదువు వృద్ధుడొకడు ప్రతిమాఱును అద్దములు దీసి మావంక జూచి, మరల బెట్టుకొనుచుండెను.

ఒకనాడు బస్సు ఆలస్యమై కాబోలు, ఒక యువకుడు పదిగంటలు దాటినపిమ్మట వచ్చెను. ప్రతిదినము మా ప్రక్క బల్లయొద్ద గూర్చుండువాడే. ఆనాడు చోటు దొరకక వరండా మెట్లమీద గూర్చుండి మోకాళ్లమీద పుస్తకము పెట్టుకొని చదువసాగెను. మధ్యాహ్నము మంచినీళ్ల కుళాయియొద్ద మాటలు కలిసినవి. ఊరు నాగర్‌కర్నూలువైపు పల్లె. డిగ్రీ ముగించి గ్రూపు పరీక్షలకు జదువుచున్నాడు. నలుగురు కలిసి యద్దెకుండు గది. రాత్రి పదింటికి దీపమార్పవలెను, ఏలయన నలుగురిలో నొకడు తెల్లవారుజామున పనికి బోవలెను. మాయూరు, మాపని యడిగి తెలిసికొని, కొంతసేపు మాటలాడక, “ఏమనుకోకుండ్రి సార్, మీ ఇంట్ల జాగ లేదా?” అనెను.

ఉన్నదని చెప్పుటకు మాకు నోరు రాలేదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచునే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

జీతము గలవారు గ్రంథాలయమునకు బోనేకూడదు, ఆ కుర్చీలు నిరుద్యోగులవి యని కొంద ఱందురు. ఇది మా కంగీకారము కాదు. గ్రంథాలయము బీదలకొఱకు గట్టిన సత్రము కాదు. అది యందఱిది. లండనులో బ్రిటిషు మ్యూజియము పఠనమందిరమున కార్లు మార్క్సు ఏండ్లతరబడి కూర్చుండి తన గ్రంథమునకు వలయు విషయమును సమకూర్చుకొనెను. అతని యింటను బల్ల యుండకపోదు. ఇట్టి చోట్లు పుట్టినదే ఇంటిలో సాగని పనికొఱకు. అంతేకాదు, అధికారుల చెవికి మాట చేరగలవారు ఏ సార్వజనిక స్థలమును విడిచిపోవుదురో, ఆ స్థలము పాడగుటను మనము బడులలోను ఆసుపత్రులలోను జూచియే యున్నాము. పంకా చెడినను జెప్పువాడుండడు, చెప్పినను వినువాడుండడు.

మఱికొంద ఱిందుకు విరుద్ధముగా, ముందు వచ్చినవానిదే కుర్చీ, పన్ను మేమును గట్టుచున్నాము, ఇందు సిగ్గేల యని వాదింతురు. కొంతకాలము మేమును లోలోపల ఈ వాదమునే నమ్మితిమి. ఇదియు మాకిపుడు సమ్మతము కాదు. నియమ మొకటే యైనను మనుష్యుల స్థితి యొకటి కాదు. ఆ కుర్చీ దొరకకున్న ఆ యువకునకు ఒకదినపు చదువు పోవును. మాకు ఒకదినపు వేడుక పోవును. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు ఏ యుదయమున బోయి చూచినను, జిల్లాలనుండి వచ్చి పోటీపరీక్షలకు జదువుకొను యువతీయువకులు ఎందఱుందురో తెలియును. అట్టిచోట, ఇంట గదియు బల్లయు గలవాడు, చూపు మాఱుటకై ప్రొద్దుననుండి సాయంకాలము వఱకు ప్లగ్గును బట్టుకొని కూర్చుండుట న్యాయము కాదని మా యభిప్రాయము. రెండుగంటలు కూర్చుండి లేచిపోవచ్చును. బ్యాటరీ నిండుగా దెచ్చుకొని ప్లగ్గులేని బల్లయొద్ద గూర్చుండవచ్చును. మీటింగులున్న దినమున బోకుండవచ్చును. కంపెనీ కాగితములు పరుల కంటబడుట సరికాదు గనుక, ఆ దినములలో నింటనుండుటయే యజమానికిని క్షేమము.

కాని యిది యంతయు ఉన్న కుర్చీలను బంచుకొను మాట. కుర్చీలు పెంచు మాట యెవరెత్తవలెను? ఇచ్చట మన పెద్దలనాటి సంగతి కొంత జెప్పవలసియున్నది. 1901 సెప్టెంబరు 1వ తేదీని హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. అది మొట్టమొదట నుండినది రావిచెట్టు రంగారావుగారి స్వగృహముననే. మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దానికి బోషకులు. ఆ సంస్థానమున దివానుగా నుండిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు దానికి ప్రాణము. 1904లో హనుమకొండను, 1905లో సికిందరాబాదున ఇట్టి నిలయములే వెలసినవి. అవతల బెజవాడలో 1914లో అయ్యంకి వేంకట రమణయ్యగారు గ్రంథాలయములవారి నందఱను సభగా సమావేశపఱచిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలలో పడవమీద పుస్తకములు పెట్టించి పల్లెపల్లెకు బంపిరి. వీరిలో ననేకులు ఉద్యోగములును వ్యవహారములును గలవారే. పగలు తమ పని చేసికొని, మిగిలిన ప్రొద్దును గ్రంథాలయములకు ధారవోసిరి. ఆనాటి యుద్యోగులు గ్రంథాలయములు గట్టిరి. నేటి యుద్యోగులము వానిలో ప్లగ్గు వెదకుచున్నాము.

అఫ్జల్‌గంజులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము 1891లో ఆసఫియా గ్రంథాలయముగా బుట్టి, 1936లో మూసీ యొడ్డునున్న యిప్పటి మహాభవనమునకు వచ్చెను. 1908 సెప్టెంబరులో ఆ మూసీయే పొంగి నగరమును ముంచినది. అట్టి యాపద మరల రాకుండుటకు, నగరమునకు మంచినీరిచ్చుటకు, 1920లో గండిపేట జలాశయమును ముగించిరి. మా కిటికీనుండి కనబడు చెఱువదియే. ఎగువ నీటిని గట్టిన ప్రభుత్వమే దిగువ నొడ్డున పుస్తకములకు భవనము గట్టినది. ఇప్పుడు ఎగువనే లక్షల జనము కాపురమునకు వచ్చుచుండగా, పుస్తకముల భవనము మాత్రము ఇరువది కిలోమీటర్ల దిగువననే యున్నది.

ధనము లేదని యెవరైన నందురేమో. 1960 నాటి గ్రంథాలయ శాసనము ననుసరించి ఇంటిపన్నుమీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపు సెస్సుగా వసూలగును. ఏడాదికి పదివేలు ఇంటిపన్ను గట్టువాడు ఎనిమిది వందలు గ్రంథాలయమునకు గట్టుచున్నాడన్నమాట. మా యపార్టుమెంటులో ఈ సంగతి తెలిసినవారు మా యెఱుకలో ముగ్గురే. ఇక నేల మాట. మొదట మేము వేసిన లెక్క నిచ్చట దీయవలెను. అత్యధికముగా బలికిన ధర చొప్పుననే అరయెకరమును విడిచినను, దాని విలువ ఏబది కోట్లకు కొంచెము పైగా నగును. ఆ యొక్క వేలమున వచ్చిన సొమ్ములో నది నూటికి ఒకటిన్నర పాలు. రోడ్డునకు, మురుగుకాలువకు, విద్యుత్తు స్తంభమునకు నేల విడుచుట యందఱికిని దోచినది. పుస్తకమునకు విడుచుట తోచలేదు.

మేము కోరునది పుస్తకములపై ధూళి పేరుకొను కట్టడము కాదు. ఫిన్లాండు ముఖ్యపట్టణమగు హెల్సింకీలో 2018 డిసెంబరు 5వ తేదీని ఊడి యను గ్రంథాలయమును దెఱచిరి. అది యా దేశపు పార్లమెంటు భవనమున కెదురుగా నున్నది. అందు మీది యంతస్తు పుస్తకములకును నెమ్మదికిని, నడిమి యంతస్తు పనిచేసికొనువారికిని. ఆ నడిమి యంతస్తున మాటలాడుకొనుటకు గదులు మొదలుకొని కుట్టుయంత్రముల వఱకు గలవు. అమెరికాలో మనవారు కాపురముండు పట్టణములలోను గ్రంథాలయములందు చిన్న చదువుగదు లుండును, ముందుగా జెప్పుకొన్నవారికి వానిని రుసుము లేకుండ నిత్తురు. కోకాపేటకును ఇట్టిదే తగును. క్రింద, ఊరి వృద్ధులు చెప్పులు విప్పి తీఱికగా బత్రిక చదువుకొను చావడి. నడుమ, మాబోటి వాగుడుకాయలకు గాజు తలుపుల గదులు. వానికి గంటకింత యని రుసుము గొన్నను మాకు కోపములేదు. కంపెనీ జీతము దినుచు గాజుగదిని ఉచితముగా గోరుట యాశ యగును. మీద, రాత్రి బాగుగా ప్రొద్దుపోవు వఱకు దీపములుండి, ప్రతి కుర్చీకిని ప్లగ్గుండి, పరీక్షలకు జదువువారు రూపాయి యీయక కూర్చుండు హాలు. మా యిండ్లలో బనిచేయు స్త్రీల బిడ్డలును, ఈ కట్టడములు గట్టుటకు వచ్చిన కూలీల బిడ్డలును అచ్చటికి రాగలుగుదురు. ఇంట జాగలేనివారు నాగర్‌కర్నూలులోనే యున్నారనుకొనరాదు. మా యంతస్తుల నీడలోనే యున్నారు.

ఈ మాట మా యపార్టుమెంటు యజమానుల సభలో నెత్తితిమి. ముందుగా, వారపు దినములలో ఖాళీగా నుండు క్లబ్బు గదినైన చదువుకొనువారికి దెఱువుడని యడిగితిమి. పనివారి బిడ్డలు వచ్చినచో ఫ్లాటుల ధర తగ్గునేమో యని యొకాయన సందేహించెను. ఇంకొకామె తన రెండు పెట్టెల పుస్తకము లిత్తుననెను. విషయమును వచ్చు మాసపు సభకు వాయిదా వేసిరి. మేమిప్పుడు నగర గ్రంథాలయమునకు శనివారములు మాత్రమే, ల్యాప్‌టాప్ లేకుండ, పోవుచున్నాము. కవుల సంచిక యింకను సగము మిగిలియున్నది.

అన్నట్లు, బీరువా తాళపుచెవి దొరకినది. కావలివాని బల్లసొరుగులో నున్నది. తెఱచి చూడగా, నూఱనుకొన్నవి అఱువదిమూడే యుండెను.